పారిస్‌లో పరిటాల రాయి

హైదరాబాదు నుంచి బెజవాడ వచ్చే బస్సులో కూర్చున్నవాళ్లకి పరిటాల అంటే ఆంజనేయస్వామి. 2003లో నిలబెట్టిన 135 అడుగుల విగ్రహం. కంచికచర్ల దాటి కాసేపయ్యేసరికి సగం బస్సు ఒకే వైపు తల తిప్పుతుంది. పెద్దవాళ్లు చేతులెత్తి దణ్ణం పెడతారు, పిల్లలు ఫోన్లు బయటికి తీస్తారు. ఇబ్రహీంపట్నం వచ్చేసరికి ఎవరి నిద్ర వాళ్లది.

ఆ స్వామి నిలబడ్డ చుట్టుపక్కల నేల ఒకప్పుడు వజ్రాల గని. అక్కడి తవ్వకాల్లో దొరికిందని పుస్తకాలు చెప్పే ఒక రాయి ఫ్రాన్సు చేరి మూడు వందల ఏళ్లు దాటింది. పేరు రీజెంట్. తూకం 140.64 క్యారెట్లు. ఇంగ్లీషువాళ్లు పాత రాతల్లో ఊరిపేరు ‘పార్టియల్’ అని రాసుకున్నారు. కొన్ని గ్రంథాలు మాత్రం అది కృష్ణకి అవతలి ఒడ్డున ఉన్న కొల్లూరు గనిదంటాయి. కొల్లూరు అయినా పరిటాల అయినా నడుమ ఉన్నది ఒక ఏరే కదా అని మా అమ్మ తీర్పు. ఆవిడ పుట్టిల్లు పరిటాల. తీర్పు పరిటాల వైపే మొగ్గుతుందని వేరే చెప్పాలా!

అమ్మ మెట్టినిల్లు జగ్గయ్యపేట. మా కాపురం నందిగామలో. తమ్ముడి ఉద్యోగం ఫ్రాంక్‌ఫర్ట్‌లో. 2025 మే నెలలో అమ్మ, నేను, మా ఆవిడ, పదో తరగతి పరీక్షలు రాసి ఊపిరి పీల్చుకున్న మా అమ్మాయి కలిసి వాడి దగ్గరికి వెళ్లాం. అక్కణ్నుంచి పారిస్ వేగపు రైల్లో నాలుగు గంటలు కూడా పట్టదు. నందిగామ నుంచి తిరుపతి వెళ్లడం కన్నా తక్కువ శ్రమ.

పారిస్ చూసొచ్చినవాళ్లు ఏం చెబుతారో మీకు తెలుసు. ఐఫిల్ టవర్ ఎక్కాం, సేన్ నది మీద పడవ ఎక్కాం. 2019 ఏప్రిల్‌లో కాలిపోయి, 2024 డిసెంబర్లో మళ్లీ తలుపులు తెరిచిన నోత్రదామ్ చర్చి చూశాం. కొత్తగా కడిగిన రాయి లోపలంతా తెల్లగా ఉంది. వెయ్యేళ్ల గుడికి సున్నం కొట్టించినట్టుందని మా ఆవిడ అంది. ఇంతకు మించి వీటి గురించి రాయడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు.

అమ్మ వచ్చింది వీటి కోసం కాదు. “ఆ రాయి ఉన్న చోటు ముందు చూపించండ్రా, టవరెక్కడికి పోతుంది” అని రైల్లోనే చెప్పేసింది.

లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు. మేం బుధవారం పొద్దున్నే వెళ్లాం. అప్పట్లో మనిషికి 22 యూరోలు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి ఉచితం. లోపలికి వెళ్లిన జనంలో ఎక్కువ మంది మోనాలిసా వైపే నడుస్తారు. మేమూ ఆ ప్రవాహంలో కొంతదూరం కొట్టుకుపోయి, ఎత్తిన ఫోన్ల సందుల్లోంచి ఆవిడ నుదురు చూసి, పక్కకి తప్పుకున్నాం. అపోలో గ్యాలరీ ఆ దగ్గరే, మొదటి అంతస్తులో. పద్నాలుగో లూయీ కాలంలో మొదలెట్టి రెండు వందల ఏళ్లు తీరిగ్గా పూర్తిచేసిన పొడవాటి హాలు. గోడలకి బంగారం, కప్పు నిండా బొమ్మలు. నడిమధ్య బొమ్మ దెలాక్రువా 1851లో వేసింది. ఆ హాల్లో అద్దాల పెట్టెల్లో ఫ్రాన్సు రాజుల నగలు.

రీజెంట్ ఒక అద్దం వెనక తన పాటికి తాను ఉంది. రంగు లేదు. అమ్మ కళ్లజోడు సవరించుకుని, ముందుకి వంగి చూసింది. “ఇంతేనా? రేగ్గాయంత ఉంది” అంది. తర్వాత అక్కడే నిలబడిపోయింది. పక్కకి జరిగింది, మోకాళ్ల మీద చేతులు ఆనించి కింద నుంచి చూసింది, మళ్లీ లేచింది. మనిషి కదిలినప్పుడల్లా దాని లోపల నీళ్లు కదిలినట్టు వెలుగు మారుతోంది. కాపలా ఉన్న అమ్మాయి రెండుసార్లు ఇటు చూసి, పెద్దావిడే కదా అనుకుందేమో, ఊరుకుంది.

“మా చిన్నప్పుడు వాన వెలిశాక చేలోకి వెళ్లి మెరిసే రాళ్లు ఏరేవాళ్లం. మా నాన్న కసిరేవాడు, అవన్నీ గాజు పెంకులే, పనికిరండే అని.” మా అమ్మాయికి ఆ మాట కొత్త. “నాయనమ్మా, ఎప్పుడూ దొరకలేదా?” “దొరికితే ఇక్కడికి మీ బాబాయి డబ్బుతో ఎందుకొస్తానే!”

ఆ ఏరుకోవడం ఇప్పటికీ ఆగలేదు. తొలకరి పడితే చందర్లపాడు మండలం గుడిమెట్ల గుట్టల మీద జనం కనిపిస్తారు. గుంటూరు నుంచి, పల్నాడు నుంచి, అటు తెలంగాణ నుంచి బండ్ల మీద వచ్చి, సద్ది మూటలు చెట్టుకింద పెట్టి, తల ఎత్తకుండా వెతుకుతారు. ఎండ వీపు మీద పడేట్టు నడవాలని వాళ్ల సూత్రం, అప్పుడే రాయి మెరుపు కంటికి తగులుతుందట.

మూడున్నర శతాబ్దాల కిందట ఇదే పని వేల మంది చేశారు. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే కొల్లూరు గనికి వచ్చినప్పుడు అక్కడ అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. మగవాళ్లు గుంట తవ్వుతారు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. పన్నెండు పద్నాలుగు అడుగుల్లో నీళ్లు పడతాయి, అక్కడితో ఆ గుంట వదిలేస్తారు. మోసిన మట్టిని చుట్టూ గోడ కట్టిన మడిలో పోసి, పడిన నీళ్లే తోడి దాని మీద పోస్తారు. బురద కారిపోయాక మిగిలింది ఎండబెట్టి, చేటల్లో చెరుగుతారు. గడ్డలుంటే కర్రలతో దంచుతారు. చివరికి చేతులతో తడిమి వెతుకుతారు. మన ఇళ్లలో బియ్యం బాగుచేసే చేటే ఆ పనిముట్టు. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచంలో రాణుల మెడల్లోకి వెళ్లిన వజ్రాలు దాదాపు అన్నీ మన దేశపు రాళ్లే. వాటిలో పేరుమోసినవి చాలా మటుకు ఈ కృష్ణ ఒడ్డువి.

తావెర్నియే ఇంకో గని దగ్గర చూసిన దృశ్యం నాకు మరీ ఇష్టం. పదేళ్ల నుంచి పదహారేళ్ల దాకా వయసున్న షావుకార్ల పిల్లలు పొద్దున్నే చెట్టుకింద చేరేవాళ్లు. ఒక్కొక్కడి నడుముకి ఒక వైపు తూకం రాళ్ల సంచీ, మరో వైపు వరహాల సంచీ. ఎవరైనా రాయి తెస్తే అందరిలో పెద్దవాడి చేతికి ఇవ్వాలి. అతను చూసి పక్కవాడికి అందిస్తాడు. నోట మాట లేకుండా అది వరసంతా తిరిగి మళ్లీ అతని దగ్గరికే వస్తుంది. అప్పుడు బేరం. ఎంట్రెన్సు కోచింగులకి పంపడం తప్ప ఆ వయసు పిల్లల్ని మనం దేనికీ నమ్మం.

పెద్ద రాళ్లు రాజుకి చెందాలన్నది గని కట్టడి. అలాంటప్పుడు రీజెంట్‌గా మారిన 410 క్యారెట్ల ముడిరాయి గని దాటి ఎలా పోయింది? దానికొక కథ ఉంది. ఒక బానిస తన పిక్క కోసుకుని, కట్టు లోపల రాయి దాచి, సముద్రపు ఒడ్డుకి పారిపోయాడట. ఇంగ్లీషు ఓడ కెప్టెన్ని నమ్మి, నన్ను దాటిస్తే సగం నీకని బేరం పెట్టాడట. కెప్టెన్ రాయి తీసుకుని అతన్ని సముద్రంలోకి తోసేశాడట. ఇది కథేనంటారు చరిత్ర రాసినవాళ్లు. కథ అవునో కాదో గాని, ఈ రాయి చుట్టూ చెప్పుకునేవాటిలో గని కూలీ కనబడేది ఇందులో ఒక్కదాన్లోనే. ఆ ఒక్కడికీ పేరు లేదు.

కాగితాల మీద ఉన్న సంగతి వేరు. మద్రాసు కోటకి 1698 నుంచి 1709 దాకా గవర్నరుగా ఉన్న థామస్ పిట్ దగ్గరికి జామ్‌చంద్ అనే వజ్రాల వ్యాపారి ఈ రాయి తెచ్చాడు. చెప్పిన ధర రెండు లక్షల వరహాలు. బేరం నెలల తరబడి నడిచి, నలభై ఎనిమిది వేల వరహాలకి దిగింది. పిట్ దొంగసొమ్ము కొన్నాడని లండన్‌లో గుసగుసలు మొదలైతే, ఆయన 1710లో బెర్గెన్ రేవులో కూర్చుని, ఏ రోజు ఎంతకి అడిగాను, అతనెంతకి దిగాడు అని పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. 1702లోనే కొడుకు చేతికిచ్చి రాయిని లండన్ పంపించాడు. అక్కడ రెండేళ్లు కూర్చుని సానబెడితే 410 క్యారెట్లలో మిగిలింది మూడో వంతు. 1717లో ఫ్రాన్సు బాలరాజు తరఫున పాలన చేస్తున్న ఓర్లియాన్ ప్రభువు దాన్ని 1,35,000 పౌన్లకి కొన్నాడు. రీజెంట్ అన్న పేరు ఆయన పదవిది. పిట్ ఆ డబ్బుతో భూములు కొన్నాడు. మనవడు, ముని మనవడు ఇద్దరూ బ్రిటన్ ప్రధానమంత్రులయ్యారు.

హోటలుకి తిరిగొచ్చాక మా అమ్మాయి కాగితం తీసింది. తావెర్నియే లెక్కలో పనితనమున్న గని కూలీకి ఏడాదికి మూడు వరహాలు. పిట్ ఇచ్చింది నలభై ఎనిమిది వేలు. “నాన్నా, ఒక మనిషి పదహారు వేల ఏళ్లు పనిచేయాలి.” మాతో వచ్చిన తమ్ముడు లెక్క సరిచూశాడు, సరిగ్గానే ఉంది. “ఆ పదహారు వేల ఏళ్లూ బువ్వ తినకుండా ఉంటేనే లేవే” అని అమ్మ ముగించింది.

ఫ్రాన్సు వెళ్లాక కూడా రాయికి స్థిమితం లేదు. 1722లో పదిహేనో లూయీ పట్టాభిషేకం నాడు కిరీటంలో ఎక్కింది. 1792 సెప్టెంబర్లో విప్లవపు గందరగోళంలో రాజభాండాగారాన్ని దొంగలు దోచారు. మరుసటేడు ఒక పాతింటి అటక మీద దూలంలో ఇది దొరికింది. తర్వాత సైన్యానికి గుర్రాలు కొనడానికి డబ్బు లేక ఫ్రాన్సు ప్రభుత్వం దాన్ని తాకట్టు పెట్టింది. పిల్ల పెళ్లికో పొలం పెట్టుబడికో బంగారం తాకట్టు పెట్టి వడ్డీ కట్టలేక తిప్పలు పడే మా మెట్ట రైతుకి ఈ సంగతి తెలిస్తే కొంత ఊరటగా ఉంటుంది. నెపోలియన్ విడిపించి తన కత్తి పిడిలో పెట్టించుకున్నాడు. 1887లో రాచనగలు చాలా మటుకు వేలం వేసినప్పుడు దీన్ని అమ్మకుండా లూవ్ర్‌కి ఇచ్చారు. జర్మన్లు వచ్చినప్పుడు షంబోర్ కోటలో పొయ్యిగూటి రాయి వెనక దాచారు.

పరిటాలకీ స్థిమితం లేదు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్లకి రాసిచ్చినప్పుడు నిజాం ఈ వజ్రాల ఊళ్లని తన దగ్గరే ఉంచుకున్నాడు. చుట్టూ ఇంగ్లీషు కృష్ణా జిల్లా, మధ్యలో నిజాం దీవి. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా ఈ ఊళ్లకి రాలేదు. జనం తిరగబడి, 1947లో తమది రిపబ్లిక్ అని ప్రకటించుకుని, 1949లో భారతదేశంలో కలిసేదాకా సొంతంగా నడుపుకున్నారు. రీజెంట్‌ని గుర్రాల కోసం తాకట్టు పెట్టింది ఒక రిపబ్లిక్, అది పుట్టిన ఊరు రెండేళ్లపాటు ఇంకో రిపబ్లిక్. గజెట్లలో పక్కపక్కన రాయరు గాని, మా అమ్మ లాంటి పరిటాల ఆడపడుచుకి రెండూ ఇంటి సంగతులే.

మర్నాడు గీమె మ్యూజియానికి వెళ్లాం. లూవ్ర్ చూసినవాళ్లలో కొద్దిమందే అక్కడికి వస్తారు. ఎమిల్ గీమె అనే లియాన్ పారిశ్రామికవేత్త ఆసియా దేశాలు తిరిగి పోగుచేసిన వస్తువులతో మొదలైంది, 1889లో పారిస్‌లో తెరిచారు. కింది అంతస్తులోనే కంబోడియా బొమ్మలు, ఆ పక్కన మనవి. ఒక పాలరాయి లాంటి పలక ముందు నేనే ఆగిపోయాను. కుడిచేయి పైకెత్తి నిలుచున్న రాజు. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, పరివారం. అమరావతిదని రాసుంది. నాకు మాత్రం అది మా జగ్గయ్యపేట పలక మీది రాజు మాంధాతకి అన్నదమ్ముడిలా కనబడింది.

జగ్గయ్యపేటలో ధనం బోడు అని చిన్న గుట్ట ఉంది. మా తాతగారింటి నుంచి పిల్లలం అక్కడికి గాలిపటాలు తీసుకెళ్లేవాళ్లం. ఇటుకల గుండ్రటి దిబ్బ, దాని చుట్టూ అడుగుభాగాన పలకలు. బౌద్ధ స్తూపమని ఎవరో చెప్పేదాకా ఏదో పాత కోట బురుజు అనుకున్నాం. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించాడు. 1887లో అచ్చయిన ఆయన పుస్తకం పేరులోనే అమరావతితో పాటు జగ్గయ్యపేట ఉంది. ఆ తవ్వకంలో దొరికిన పలకల్లో ఒకటి చక్రవర్తి మాంధాతది. రెండు వేల ఏళ్ల నాటిది. రాజు చేయెత్తాడు, పైన మబ్బు, ఆ మబ్బులోంచి చదరపు నాణేలు రాలుతున్నాయి. నాణేల్ని గుండ్రంగా చెక్కలేదు చూడండి. ఆ కాలపు అచ్చుగుద్దిన వెండి నాణేలు అలాగే చదరంగా ఉండేవి. చెక్కినవాడు తన మొలలో ఉన్న డబ్బే మబ్బుకి ఎక్కించాడు. బౌద్ధ కథలో ఈ మాంధాత కనకవర్షం కురిపించుకుని, భూమి సరిపోక స్వర్గానికి పోయి, ఇంద్రుడు సగం ఆసనం ఇస్తే మొత్తం కావాలని ఆశపడి కిందపడతాడు.

అదే స్తూపం దగ్గర స్తంభాల మీద ఒక శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏట, అంటే మూడో శతాబ్దంలో, నాగచంద్రుడి కొడుకు సిద్ధార్థుడు తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు దానమిచ్చాడని. ఈ సిద్ధార్థుడు రాజు కాదు, షావుకారు కాదు. శిల్పి. తండ్రీ శిల్పే. రాళ్లు చెక్కినవాడు దాతగా తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెక్కించుకున్నాడు. పిక్కలో రాయి దాచిన కూలీకి లేని పేరు అతనికి పదిహేడు వందల ఏళ్లుగా ఉంది. పారిస్ గ్యాలరీలో తిరుగుతున్నంతసేపూ నాకు ఇదే గుర్తుకొస్తూ ఉంది.

మన రాళ్లన్నీ తెల్లవాళ్లు పట్టుకుపోయారని బల్ల గుద్దడం తేలిక. జగ్గయ్యపేటవాడిగా నేనంత తేలిగ్గా గుద్దలేను. పాత బేతవోలుకి తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయనే 1790ల్లో చింతపల్లి విడిచి అమరావతిలో కొత్త ఊరు కట్టించాడు. ఇటుకలకీ రాళ్లకీ అక్కడి దీపాలదిన్నె తవ్వితే మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ వచ్చేసరికి తవ్వకం నడుస్తోంది. పలకలు కొన్ని చెరువు మెట్లయ్యాయి, కొన్ని సున్నపు బట్టీలో కాలాయి. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వి తీసిన పలకలు 1859లో లండన్ చేరి, బండ్ల కొట్టాల్లో పడి ఉంటే ఫెర్గూసన్ చూసి లోకానికి చెప్పాడు. 1880లో బ్రిటిష్ మ్యూజియం గోడలకెక్కాయి. బట్టీలో కాలినవి ఏ గోడకీ ఎక్కలేదు. వెంకటాద్రి నాయుడు గుళ్లు కట్టించిన ప్రభువు, ఆయన్ని తిట్టబుద్ధి కాదు. ఆ రాతి విలువ ఆనాడు ఆయనకీ తెలీదు, ఊళ్లో ఎవరికీ తెలీదు. తెలిశాక కూడా మనం చేసిందేమిటన్నదే నన్ను గుచ్చుతుంది.

ఆ శిల్పాల రాయి పల్నాటి సున్నపురాయి. మా జగ్గయ్యపేట చుట్టూ జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు కర్మాగారాలు నిలబడ్డదీ సున్నపురాయి మీదే. అవి రాకముందు మా ఊరి కుర్రాళ్లకి ఉద్యోగమంటే బెజవాడ బస్సెక్కడమే. ఫ్యాక్టరీలని నేను తప్పుపట్టను, మా బంధువులే అరడజను మంది అందులో జీతగాళ్లు. అయినా చిల్లకల్లు దగ్గర రోడ్డు మీద బారులు తీరిన లారీల మధ్య ఇరుక్కున్నప్పుడు, ఇటు స్తూపం ఉందని నా బండిలో కూర్చున్న బయటి ఊరి చుట్టానికి నేనే నోటితో చెప్పాల్సి వస్తోంది. కొల్లూరు గనుల మాట చెప్పనే అక్కర్లేదు, పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి.

మేం తిరిగొచ్చాక, అదే ఏడాది అక్టోబరు 19న, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి లూవ్ర్‌లో దొంగలు పడ్డారు. సామాన్లు పైకెక్కించే నిచ్చెన లారీ తెచ్చి, కిటికీ కోసి, మేం నిలబడ్డ అపోలో గ్యాలరీలోకే దిగి, ఎనిమిది నగలు ఎత్తుకుపోయారు. వార్త టీవీలో రాగానే అమ్మ ఫోన్. “ఒరేయ్ పెద్దోడా, మన రాయి ఉందా పోయిందా?” ఉంది. దాని జోలికి పోలేదు. అంత పేరున్న వజ్రాన్ని ఏ దొంగ అమ్ముకోగలడు? ఆ తర్వాత నగలు కొన్నిటిని ఫ్రాన్సు బ్యాంకు నేలమాళిగకి తరలించారు. “అక్కడా బ్యాంకు లాకరేనా” అని అమ్మ నిట్టూర్చింది.

ఇంట్లో ఇప్పుడు కొత్త పట్టుదల. జగ్గయ్యపేట మాంధాత ఉన్నది చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో. రెండు విమానాలెక్కి పారిస్ వెళ్లి అతని అన్నదమ్ముణ్ని చూసొచ్చిన మేం, పొద్దున్నే బెజవాడలో పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చేరే ఊరికి ఇంతవరకు వెళ్లలేదు. మా అమ్మాయి సంక్రాంతి సెలవులకి ముందే టికెట్లు చూస్తానంది. “ఎగ్మూరుకి శుక్రవారం సెలవు, చూసుకుని తియ్యి” అన్నాను. అమ్మ మాత్రం ఇంకో షరతు పెట్టింది. చెన్నై రైలెక్కే ముందు అందరం ఒకసారి ధనం బోడు ఎక్కాలట. జగ్గయ్యపేట కోడలై యాభై ఏళ్లు దాటినా ఆవిడ ఆ గుట్ట ఎప్పుడూ ఎక్కలేదు. “మీ నాన్న ఏనాడు తీసుకెళ్లాడు గనక!”